తోకకప్పకు పళ్లు కనిపించడం లేదు, నోటి లోపల ఏమీ తెలియడం లేదు

ప్రశ్న:
అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నాను. ప్రాజెక్టు తోకకప్పల నోటి మీద. రాజేంద్రనగర్ వైపు వాననీటి గుంటల్లోవి మా డిపార్ట్‌మెంట్‌లో ఎప్పటినుంచో ఫార్మలిన్‌లో ఉన్నాయి. కొన్నింటికి నల్లటి దవడలు, పళ్ల వరుసలు ఉన్నాయి. కొన్నింటికి అవేమీ లేవు, నోరు ఉత్త చీలికలా ఉంది. పాడైపోయాయా? ఒకదాన్ని తెరిచి చూస్తే లోపలంతా తెల్లటి ముద్ద. వైవా దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.

జవాబు:
తమ్ముడూ, వాటిని పారేయకు. ముందు వెల్లకిలా తిప్పి, నీళ్లు బయటికి పోయే రంధ్రం, అదే స్పైరకిల్, ఎక్కడుందో చూడు. గోదురు కప్ప (టోడ్) పిల్లలకు అది ఎడమ పక్కన ఉంటుంది. పొట్ట కింద మధ్యలో ఉండి, కళ్లు తలకు రెండు అంచుల్లో ఉంటే అవి మైక్రోహైలా అనే చిన్న కప్పల జాతివి కావచ్చు. వాటికి నల్ల దవడలూ ఉండవు, పెదవి పళ్లూ ఉండవు. నీళ్లలో తేలే సన్నటి మేతను వడకట్టుకుని తింటాయి. రాతి మీద పాచి గీకే పనే లేనప్పుడు పళ్లెందుకు?

రంధ్రం ఎడమనే ఉండి పళ్లు లేకపోతే వేరే సంగతి. ముందుకాళ్లు బయటికి వచ్చాయా? గాస్నర్ అనే శాస్త్రవేత్త కప్పల ఎదుగుదలకు 1960లో ఇచ్చిన 46 దశల పట్టికలో అది 42వ దశ. అప్పటికి తోకకప్ప నోరు రాలిపోయి కప్ప నోరు మొదలవుతుంది. వాటిని పక్కన పెట్టు. కప్పలకు జబ్బు తెచ్చే కైట్రిడ్ ఫంగస్ సోకినా దవడల నలుపు పోతుంది, కానీ చూడగానే ఆ మాట రాసేయకు.

అడిగినవారు:
అన్నా, రంధ్రం మధ్యలోనే ఉంది! మరి ఆ తెల్ల ముద్ద?

ఇంకొకరి జవాబు:
రంగు వేయలేదు కదా, అందుకే. ఫార్మలిన్ పోయేలా నీళ్లలో బాగా కడుగు. మైనపు ట్రేలో నీళ్లు పోసి, సన్నటి కత్తెరతో నోటి రెండు మూలల నుంచి మొప్పల వెనకదాకా కోసి, పుస్తకంలా తెరువు. మెత్తటి కుంచెతో జిగురు తీసేయాలి, ముద్దలో సగం అదే. పల్చటి మిథిలిన్ బ్లూ రెండు చుక్కలు వేసి, వెంటనే కడిగేయి. అప్పుడు బొడిపెల్లాంటి పాపిల్లాలు నీలంగా తేలతాయి.

ముందు గోదురు కప్ప పిల్లతో మొదలుపెట్టు, చదవడం తేలిక. దాని పెదవి మీద పైన 2 వరుసలు, రెండోది మధ్యలో తెగి ఉంటుంది, కింద 3. లోపల నేల భాగంలో ముందు నాలుక మొలక, దాని మీద పాపిల్లాలు, వెనక విశాలమైన మైదానం చుట్టూ మరికొన్ని, చివర అడ్డంగా వీలం అనే పొర. దాని కిందే వడపోత పలకలు. మేత రేణువులు జిగురులో చిక్కుకునేది అక్కడే. పైకప్పులో ముక్కు రంధ్రాల లోపలి ద్వారాలు, వాటి వెనక మధ్య గట్టు గుర్తుపడితే మిగతావి దొరుకుతాయి. మైక్రోహైలాలో పాపిల్లాలు తక్కువ, వడపోత బుట్టలు మాత్రం పెద్దవి.

ఆల్కహాల్‌లో పెట్టినవైతే ముడుచుకుపోతాయి, కొలతలు నమ్మకు.

మొదటివారు:
ఒక మాట. కొత్తగా పట్టుకొచ్చి కోయొద్దు, యూజీసీ డిసెక్షన్లు ఆపమంది. ఉన్నవాటితోనే, గైడ్‌గారి అనుమతితో చెయ్యి. జాతి తేలకపోతే అత్తాపూర్‌లో జువలాజికల్ సర్వే వాళ్ల మంచినీటి జీవుల కేంద్రం ఉంది, అక్కడ అడగమను. సీసా మీది లేబుల్ మాత్రం పోగొట్టకు.