చర్చ: ఐరిష్ వెండి మీది ముద్రలు ఎలా చదవాలి?

డబ్లిన్_వాసి: ఇక్కడి పాత సామాన్ల సంతలో వెండి చెంచా కొన్నాను. కాడ వెనక కిరీటమున్న హార్ప్ (తీగల వాద్యం), కూర్చున్న స్త్రీ, రాజు తల, ఒక విడి అక్షరం, రెండు పొడి అక్షరాలు ఉన్నాయి. ఏ కాలానిది?

వెండిపళ్లెం: రాజు తల ఉందంటే 1807కు ముందుది కాదు. హార్ప్ వెయ్యికి 925 పాళ్ల వెండికి గుర్తు. 1637లో రాజు మొదటి చార్లెస్ డబ్లిన్ కంసాలుల సంఘానికి చార్టర్ (అధికార పత్రం) ఇచ్చాక వచ్చింది. ఆ స్త్రీ హైబర్నియా, అంటే ఐర్లాండ్‌కు స్త్రీ రూపం. ఔన్సుకు ఆరు పెన్నీల పన్ను కట్టినట్టు చూపడానికి 1730లో మొదలుపెట్టారు. 1807లో పన్ను గుర్తుగా రాజు తల వచ్చినా హైబర్నియాను తీసెయ్యలేదు, డబ్లిన్ ముద్రగా నిలిచిపోయింది. 1890లో పన్ను రద్దయి తల పోయింది. తల విక్టోరియా రాణిది కాదు కాబట్టి మీది ఆవిడ కాలానికి ముందుదే. విడి అక్షరం సంవత్సరానిది. పట్టికతో పోల్చేటప్పుడు చుట్టూ ఉన్న గడి ఆకారం కూడా చూడండి. పొడి అక్షరాలు కంసాలివి.

కార్క్_అభిమాని: హార్ప్ లేదని మంచి వస్తువును వదిలేయకండి! 18వ శతాబ్దంలో ఐర్లాండ్ దక్షిణాన ఉన్న కార్క్ నగరపు కంసాలులు ముద్ర కోసం డబ్లిన్‌దాకా వెండి పంపాలంటే ఖర్చు, దారిలో దొంగల భయం. అందుకే తమ పొడి అక్షరాల పక్కన 'స్టెర్లింగ్' (925 పాళ్ల వెండి) అని తామే కొట్టి అమ్మేవారు. మరో ఐరిష్ ఊరు లిమరిక్‌లోనూ అంతే.

గోదారి_గట్టు: మరి పాళ్లకు పూచీ ఎవరు?

కార్క్_అభిమాని: కంసాలి పేరే పూచీ. కార్క్ వెండిలో నాకు నచ్చేదీ అదే. 1922 ఐరిష్ అంతర్యుద్ధంలో డబ్లిన్‌తో రాకపోకలు తెగిపోతే, కార్క్‌లోని ఈగన్ సంస్థ రెండు కోటల మధ్య ఓడ ఉన్న పాత ఊరి ముద్రను మళ్లీ చేయించి వాడింది. కొన్ని వారాలే సాగింది కాబట్టి ఆ వస్తువులు చాలా అరుదు, ధర కూడా అలాగే ఉంటుంది.

వెండిపళ్లెం: అరుదైన ముద్రల దగ్గరే మోసం కూడా ఎక్కువ. చిన్న వస్తువు మీది ముద్రను కోసి పెద్దదానికి అతికిస్తారు. ముద్ర చుట్టూ నోటి ఆవిరి పట్టించి చూడండి, టంకం గీత బయటపడుతుంది.