నాచా, నీచా? ఒక ఆటవెలది పాదంలో ఒక అక్షరం

తిరుపతి (మొదటి ప్రశ్న):
దక్షిణ ధ్రువ సముద్రాల్లో పెరిగే నాచు గురించి బడిపిల్లల కోసం ఒక వ్యాసం రాస్తున్నాను. ఎనిమిదో తరగతిలో మా తెలుగు అయ్యవారు మమ్మల్ని పులికాటు ఒడ్డుకు తీసుకువెళ్ళినప్పుడు చదివిన పద్యపాదాన్ని దానికి శీర్షికగా పెట్టాలని నా కోరిక. "నీటి కంపు గాదు నాచు దగును" అని నాకు గుర్తు. అయితే పైకి చదివిన ప్రతిసారీ అది "నీచు" ఏమోనన్న అనుమానం పీడిస్తోంది. మిగిలిన మూడు పాదాలూ మరచిపోయాను. ఎవరైనా విన్నారా?

శ్రీకాళహస్తి:
పద్యం నేను వినలేదు గాని, పాదం తన సాక్ష్యం తానే చెబుతోంది. ఆటవెలదిలో మొదటి గణం తొలి అక్షరానికి నాలుగో గణం తొలి అక్షరంతో యతి కుదరాలి. "నీ"కి "నీ" కుదురుతుంది, "నా" కుదరదు. యతికి బదులు ఆ గణాల రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి అనుకుందామన్నా "టి"కి "చు"తో పొత్తు లేదు. కాబట్టి మీ అయ్యవారు "నీచు" అనే చదివి ఉంటారు. మన వైపు ఇళ్ళలో "నీసు వాసన" అనే మాట ఇప్పటికీ వాడుకలోనే ఉంది కదా.

తిరుపతి (రసాయన అధ్యాపకురాలు):
యతి మాట ఒప్పుకుంటాను, అర్థం మాట ఒప్పుకోలేను. చేపల నీచుకు ముఖ్య కారణం ట్రైమిథైలమీన్. అది నత్రజని సమ్మేళనం. సముద్రపు గాలిలో మనకు తగిలే వాసనలో ప్రధానమైనది డైమిథైల్ సల్ఫైడ్. అది గంధక సమ్మేళనం, అది పుట్టేది నాచు నుంచి. 1935లో పాలీసైఫోనియా అనే ఎర్ర నాచులో దాన్ని గుర్తించారు, దాని మాతృపదార్థమైన డీఎంఎస్‌పీని 1948లో అదే నాచులో కనుగొన్నారు. ధ్రువ సముద్రాల్లో ఈ పదార్థానికి ఇంకా పెద్ద పని ఉంది. సముద్రపు నీరు గడ్డకట్టేటప్పుడు ఉప్పు బయటికి నెట్టబడి, మంచు లోపలి సన్నని పాయల్లో మిగిలిన నీరు విపరీతంగా ఉప్పెక్కుతుంది. ఆ ఉప్పునూ చలినీ తట్టుకోవడానికి అక్కడి సూక్ష్మ నాచులు డీఎంఎస్‌పీని ఒంట్లో కూడబెట్టుకుంటాయి. అంటార్కిటికా చుట్టూ పెరిగే ఫియోసిస్టిస్ ఇందులో అందెవేసిన చెయ్యి. కణం చితికినప్పుడో, మరో జీవి దాన్ని మేసినప్పుడో ఆ పదార్థం విడిపోయి డైమిథైల్ సల్ఫైడ్ గాలిలోకి లేస్తుంది. ఇంత తెలిసి "నీచు" అని ఎలా ఒప్పుకోగలను?

చిత్తూరు:
మీరిద్దరూ "నా", "నీ" అన్న ఒక్క అక్షరం దగ్గరే నిలిచిపోయారు. నా పట్టు "కంపు" మీద. పాత తెలుగులో కంపు అంటే పరిమళం కూడా. అది దుర్వాసనగా దిగజారిన తీరును అర్థాపకర్షకు ఉదాహరణగా చెబుతుంటారు. ఆ పాత అర్థంలో చదివితే ఈ పాదంలో నింద లేదు, మెచ్చుకోలు ఉంది. పరిశోధకురాలు గాబ్రియెల్ నెవిట్ బృందం 1995లో ప్రకటించిన పరిశోధనలో, కొన్ని పెట్రెల్ జాతి సముద్రపక్షులు ఈ డైమిథైల్ సల్ఫైడ్ వాసన పట్టుకునే అంటార్కిటిక్ జలాల్లో మేత వెదుక్కుంటాయని చూపించారు. ఆ పక్షులకు అది కమ్మని కంపే. ఆటవెలది అనగానే నాకు వేమన గుర్తుకు వస్తాడు. ఉప్పూ కర్పూరమూ చూపుకు ఒకటే అయినా రుచులు వేరని చెప్పిన ఆ చూపుకు, నాచూ నీచూ వినడానికి దగ్గరైనా వాసనలు వేరన్న సంగతి కూడా దొరికి ఉండేదని నా నమ్మకం. పద్యం ఆయనది అనడం లేదు, ఆ దారిలో నడిచినది అంటున్నాను.

పలమనేరు:
మా ఊళ్ళో కుంటలో పెరిగేది పాచి. ఎల్లకు అవతల తమిళంలోనూ అది పాసియే. పాఠ్యపుస్తకాల్లో శైవలం అంటారు. కాబట్టి "నాచు" అన్న మాట ఎంచుకున్నవారు గణం కోసం కాక చెవికి ఇంపుగా ఉండాలని ఎంచుకుని ఉంటారు. నా ఊహ ఏమంటే, పోయింది నాలుగో గణం కాదు, మొదటి రెండు గణాలు. "నడిమి కడలి కంపు నాచు దగును" అని చదవండి: మూడు లఘువులు, మళ్ళీ మూడు లఘువులు, తరువాత గురువు, లఘువు కలిసిన హగణాలు రెండు, చివర మూడు లఘువులు. "న"కు "నా"తో యతి చక్కగా కుదిరింది. నడిసముద్రపు వాసన నాచుదే అన్న అర్థమూ నిలిచింది.

శ్రీకాళహస్తి:
ఛందస్సు ప్రకారం తప్పు లేదు. కాని దొరికిన పాదాన్ని సరిదిద్దడం వేరు, కొత్త పాదం కట్టడం వేరు. పాఠం అడిగినవారికి మనం పద్యం ఇస్తున్నాము. అదీగాక, "నాచు దగును" అన్నది "నాచుది అగును" అన్నదాని సంధి రూపమా, లేక "నాచు తగును" అన్నదానిలో తకారం దకారమైందా? రెండోదే అయితే, వాసన నాచుది అన్న అర్థమే చెడుతుంది.

తిరుపతి (రసాయన అధ్యాపకురాలు):
"నాచుది అగును" అన్నదే సరి. "నాచు తగును" అంటే ఏమి తగిందో చెప్పలేదు కదా.

తిరుపతి (మొదటి ప్రశ్న):
అందరికీ కృతజ్ఞతలు. "నడిమి కడలి" చాలా బాగుంది, కాని అయ్యవారు "గాదు" అన్నప్పుడు చెయ్యి అడ్డంగా ఊపడం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది; ఆ "గాదు"ను నేను వదులుకోలేను. అప్పుడు మాతో చదివిన ఇద్దరు తడలో ఉన్నారు. ఈ ఆదివారం వెళ్ళి, నేను ఏ రూపమూ ముందుగా చెప్పకుండా, పాదాన్ని వాళ్ళ నోటనే చెప్పించి రాసుకుని వస్తాను.