విఎస్ కోడ్‌లో వాటంతట అవే అప్‌డేట్ అయిన ఎక్స్‌టెన్షన్లను తెలుసుకోవడం ఎలా?

నేను కోడ్ రాసుకునే ఎడిటర్ విఎస్ కోడ్‌లో నిన్నటి వరకు బుద్ధిగా ఉన్న ఫార్మాటర్ (కోడ్ అమరికను సరిదిద్దే ఎక్స్‌టెన్షన్, అంటే ఎడిటర్‌కు తగిలించుకునే అదనపు ప్రోగ్రామ్), ఈ ఉదయం ఒక్క అక్షరం సరిదిద్ది సేవ్ చేయగానే పైథాన్ ఫైలంతా తిరగరాసింది. ఒంటి కోట్లన్నీ జంట కోట్లయ్యాయి. ఫైళ్లలో మార్పులను నమోదు చేసే గిట్‌లో చూస్తే 212 వరుసలు ఎర్రగా, పచ్చగా! ఏదో ఎక్స్‌టెన్షన్ రాత్రి అప్‌డేట్ అయిందని అనుమానం. నా దగ్గర 34 ఉన్నాయి (సగం ఎందుకు పెట్టుకున్నానో నాకే గుర్తు లేదు).

ఏది, ఎప్పుడు, ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్‌కు మారిందో చూపే చిట్టా ఎక్కడైనా ఉంటుందా? టెర్మినల్‌లో వెర్షన్లతో సహా జాబితా వస్తుంది గానీ, అది ఇప్పటి సంగతే చెబుతుంది, నిన్నటిది చెప్పదు. ఆటో అప్‌డేట్ పూర్తిగా ఆపేస్తే భద్రతా సవరణలూ ఆగిపోతాయి, అది నాకు ఇష్టం లేదు. రోజూ ఆ జాబితాను గిట్‌లో దాచి పోల్చుకోవడం కంటే తేలికైన దారి ఉంటే దయచేసి చెప్పండి.