తువాలు మునుగుతోందా, పెరుగుతోందా?

జిజ్ఞాసి:
సభ్యులందరికీ నమస్కారం. పసిఫిక్ మహాసముద్రంలో ఫిజీకి ఉత్తరాన ఉన్న తువాలు అనే చిన్న దేశం గురించి ఒకదానికొకటి పొసగని రెండు విషయాలు చదివాను. 2021లో ఆ దేశపు విదేశాంగ మంత్రి సైమన్ కోఫే సముద్రపు నీటిలో నిలబడి, ప్రపంచ వాతావరణ సదస్సుకు తన సందేశం వినిపించారు. అంతకు మూడేళ్ల ముందు, 2018లో, న్యూజీలాండ్ పరిశోధకులు పాత విమాన చిత్రాలనూ ఉపగ్రహ చిత్రాలనూ పోల్చి, 1971 నుంచి 2014 మధ్య తువాలులోని 101 దీవుల మొత్తం విస్తీర్ణం 2.9 శాతం పెరిగిందని ప్రకటించారు. సముద్రమట్టం పెరుగుతుంటే నేల ఎలా పెరుగుతుంది? ఈ రెండింటిలో దేన్ని నమ్మాలి?

నేలకొలత:
ముప్పై రెండేళ్లు సర్వేయరుగా గొలుసు పట్టుకుని తిరిగినవాణ్ణి కనుక కొలతనే నమ్ముతాను. మన గోదావరి లంకలు ఏటా ఒక పక్క కోసుకుపోతూ మరో పక్క మేట వేసుకుంటూ కదులుతాయని మనకు తెలుసు. పగడపు దీవులు కూడా స్థిరమైన రాతి దిబ్బలు కావు. పగడపు ముక్కలు, గవ్వల పొడి, ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవుల చిన్న చిన్న పెంకులు, చిలుకచేపలు పగడాన్ని కొరికి విసర్జించే ఇసుక, వీటన్నింటినీ అలలు మోసుకొచ్చి దిబ్బ మీద పోస్తాయి. దిబ్బ చుట్టూ పగడం బతికి ఉన్నంత కాలం ఆ సరఫరా ఆగదు. నూట ఒక్క దీవుల్లో దాదాపు ముప్పాతిక వంతు పెరిగాయి, మిగిలినవి తరిగాయి. ఇంత స్పష్టమైన లెక్క కళ్లెదుట ఉండగా పత్రికలు ‘మునిగిపోతున్న దీవులు’ అని రాయడం తప్పు. ఆ మాటను వాడకం నుంచి తొలగించాలని నా అభిప్రాయం.

కొబ్బరాకు:
లంకలతో పోలిక బాగుంది. ఇన్నాళ్లూ పగడపు దీవి అంటే కదలని రాయి అనుకున్నాను.

ఓడమనిషి:
నేలకొలత గారూ, మీ లెక్క తప్పని నేను అనను. అయితే మీరు కొలిచింది అంచును మాత్రమే. నేను ఫిజీలోని సువా రేవు నుంచి తువాలు రాజధాని ఫునాఫుటికి సరుకు చేరవేసే ఓడలో మూడేళ్లు ఇంజనీరుగా పనిచేశాను. ఒక ఫిబ్రవరిలో ఓడ మరమ్మతు కోసం పన్నెండు రోజులు అక్కడే ఉండవలసి వచ్చింది. ఏడాదిలో అతి పెద్ద పోట్లు వచ్చే రోజులవి. వాటిని అక్కడ కింగ్ టైడ్ అంటారు. గాలి లేదు, అలలు లేవు, గట్టు దాటి ఒక్క చుక్క రాలేదు. అయినా నేను బస చేసిన ఇంటి పెరట్లో పీతల కన్నాల నుంచి ముందు బుడగలు వచ్చాయి, ఆ తర్వాత నీరు ఊటలా పైకి ఉబికింది. అరగంటలో చీలమండ దాకా వచ్చింది. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంటే అచ్చమైన సముద్రపు ఉప్పు. ఆ నేల అంతా కన్నాల పగడం కావడంతో పోటు పెరిగినప్పుడు నీరు కింది నుంచే వస్తుంది. గోడ కట్టి దాన్ని ఆపలేరు.

ఆ పెరటి చివర పులాకా గుంట ఉంది. పులాకా అంటే మన చేమదుంపకు పెద్దక్క వంటి పంట. మంచినీటి మట్టం తగిలే వరకు నేలను తవ్వి, ఆ గుంటలో తరతరాలుగా ఆకుల ఎరువు వేసి పెంచుతారు. ఆ ఇంటి పెద్దావిడ ఒక మొక్కను పెకలించి నా చేతికి ఇచ్చింది. పైన ఆకు అంచుల వెంట పసుపు చార, కింద దుంప మెత్తబడి వేళ్లు ఊడి వస్తున్నాయి. ఆ గుంట విస్తీర్ణం కూడా మీ 2.9 శాతంలో ఎక్కడో ఉండే ఉంటుంది.

ఇంకొక మాట. మీ లెక్క మొదలైంది 1971లో. 1972 అక్టోబరులో బేబే తుఫాను, మధ్యలో నీటిమడుగును చుట్టి ఉండే ఫునాఫుటి పగడపు వలయపు తూర్పు అంచున పగడపు శిథిలాలను దాదాపు 19 కిలోమీటర్ల పొడవున, కొన్నిచోట్ల నాలుగు మీటర్ల ఎత్తున గుట్టగా పోసింది. ఆ రాళ్ల గుట్టను పెరిగిన నేల అనవచ్చా?

నేలకొలత:
బేబే విషయంలో మీరు రెండు సంగతులు మరచిపోతున్నారు. ఒకటి, ఆ గుట్ట పడింది ఫునాఫుటిలో. ఆ నూట ఒక్క దీవులూ తొమ్మిది పగడపు వలయాలు, విడి దీవుల కింద లెక్కకు వస్తాయి, వాటిలో ఎనిమిదింటి విస్తీర్ణం పెరిగింది. ఒకచోట పడిన రాళ్లు మిగతా చోట్ల లెక్కను ఎలా మారుస్తాయి? రెండు, పగడపు దీవులు పుట్టిందే తుఫానులు పోసిన రాళ్ల మీద. వందల ఏళ్లుగా జరిగినదే 1972లోనూ జరిగింది. ఆ గుట్టను అలలు క్రమంగా లోపలికి నెట్టి తీరాన్ని బలపరిచాయి. వేయి ఏళ్ల నాటి శిథిలాన్ని నేల అని ఒప్పుకుని, 1972 నాటి శిథిలాన్ని ఒప్పుకోకపోవడం ఏ కొలతశాస్త్రం?

ఉప్పాడ ఆడపడుచు:
పెద్దల చర్చలో కల్పించుకుంటున్నందుకు మన్నించండి. మాది కాకినాడ దగ్గర ఉప్పాడ. మా తాతగారి పెంకుటిల్లు, ఇంటి ముందు వలలు ఆరబెట్టుకునే స్థలం, దాని ముందున్న గుడి, మూడూ ఇప్పుడు సముద్రంలో ఉన్నాయి. రాళ్లు వేశారు, ఇసుక నింపిన గొట్టాల గోడ వేశారు, అదీ చెదిరింది. పరిహారం కోసం తిరిగినప్పుడు ఒక అధికారి కాగితం చూసి, ‘మీ సర్వే నంబరు మీద భూమి ఉన్నట్టే ఉందమ్మా’ అన్నారు. నేలకొలత గారి 2.9 శాతం చదవగానే నాకు ఆ మాట గుర్తుకొచ్చింది.

నేలకొలత:
మీ కష్టం పట్ల నాకు గౌరవం ఉందమ్మా. కానీ ఉప్పాడను తువాలుతో పోల్చకూడదు. ఉప్పాడ ప్రధాన భూభాగపు తీరం. అక్కడికి ఇసుక రావలసింది తీరం వెంబడి కదిలే ప్రవాహం నుంచి, నదుల నుంచి. ఆ రాక తగ్గితే తీరం కోతకు గురవుతుంది. పగడపు దీవి తన ఇసుకను తన చుట్టూ తానే తయారు చేసుకుంటుంది. కారణాలు వేరు కాబట్టి ఒకదాన్ని మరొకదానికి సాక్ష్యంగా తేకూడదు.

ఉప్పాడ ఆడపడుచు:
నేను కారణాల గురించి మాట్లాడలేదండీ. కాగితం మీద ఉన్న భూమి గురించి మాట్లాడాను.

నీటిబొట్టు:
భూగర్భజలాల మీద పరిశోధన చేస్తున్నాను కనుక ఇద్దరూ వదిలేసిన విషయం ఒకటి చెబుతాను. పగడపు దీవిలో నదులు ఉండవు. వాన నీరు ఇసుకలోకి ఇంకి, బరువైన ఉప్పునీటి మీద పలుచని పొరగా తేలుతుంది. ఒక్క పెద్ద అల దీవి మీదుగా పొర్లితే ఆ పొర నెలల తరబడి తాగడానికి పనికిరాదు. 2008 డిసెంబరులో పసిఫిక్‌లోనే ఉన్న మార్షల్ దీవులు, కిరిబాటి అనే దేశాలను ముంచిన అలలను పుట్టించింది వేల కిలోమీటర్ల దూరంలోని గాలివానలు. మార్షల్ దీవుల్లోని రోయి నమూర్ అనే దీవి మీద జరిగిన అధ్యయనం 2018లోనే వెలువడింది. ఈ అలల పొర్లు వల్ల చాలా పగడపు దీవులు ఈ శతాబ్దం మధ్యకల్లా నివాసయోగ్యం కాకుండా పోవచ్చని అది హెచ్చరించింది. నేల ఉంటుంది, తాగే నీరు ఉండదు.

ఇక ఫునాఫుటిలో ఏటా 3,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. అయినా 2011లో లా నినా (పసిఫిక్ నడిమి నీరు మామూలు కన్నా చల్లబడే స్థితి) వల్ల నెలల తరబడి వాన ముఖం చాటేస్తే తువాలు అత్యవసర పరిస్థితి ప్రకటించింది. నీటిని బకెట్ల లెక్కన పంచారు. ఉప్పునీటిని మంచినీరుగా మార్చే యంత్రాలు ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌ల నుంచి వచ్చాయి. సముద్రమట్టం కూడా ఏటా ఒకేలా ఉండదు. మామూలు రోజుల్లో తూర్పు నుంచి వీచే వ్యాపార పవనాలు నీటిని పసిఫిక్ పడమటి వైపు నెట్టి ఉంచుతాయి. దానికి తిరగబడిగా ఆ నీరు వేడెక్కే ఎల్ నినో బలంగా వచ్చి ఆ గాలులు సడలితే పడమట మట్టం ఇరవై, ముప్పై సెంటీమీటర్లు పడిపోతుంది. సమోవాలో అప్పుడు పగడాలు గాలికి బయటపడి, చచ్చి, కుళ్లి కంపు కొడతాయి. నీరు అలా దిగిపోయే పాటుకు వారి భాషలో ‘తైమాసా’ అని పేరే ఉంది.

నేలకొలత:
నీటిబొట్టు గారు నా వాదాన్నే బలపరిచారు. ఒక ఎల్ నినోకే ముప్పై సెంటీమీటర్లు దిగే సముద్రం గురించి ఒక్క ఫిబ్రవరి పోటు చూసి తీర్పు ఎలా ఇస్తాం?

నీటిబొట్టు:
అది నా మాటకు సగం అర్థం మాత్రమేనండి. పైకీ కిందికీ ఊగే ఆ ఊపు కింద, గత ముప్పై ఏళ్లలో తువాలు దగ్గర సగటు మట్టం సుమారు 15 సెంటీమీటర్లు పెరిగింది. ఊపు అదే, అది మొదలయ్యే మెట్టు పైకి వచ్చింది.

ఓడమనిషి:
నేలకొలత గారూ, ఇక సహనం నశించింది. ఒకరు నీటి సంగతి చెబితే మీరు అందులో మీకు పనికొచ్చే ముప్పై సెంటీమీటర్లు ఏరుకున్నారు. ఉప్పాడ చెల్లెమ్మ ఇల్లు పోయిందంటే పాఠం చెప్పారు. దీవి పెరిగిందని మీరు రాసే ప్రతి వాక్యాన్నీ బొగ్గు అమ్ముకునే దేశాలు ఎత్తి చూపి, ‘వీళ్లకేమీ కాలేదు’ అంటాయి. ఆ పెద్దావిడ గుంటలో కుళ్లిన దుంప మీ గొలుసుకు దొరకదు. ఎవరి కోసం ఈ పట్టుదల?

ప్రేక్షకుడు:
దయచేసి వ్యక్తిగత మాటలు వద్దు. చర్చ బాగా నడుస్తోంది.

నేలకొలత:
అడిగారు కనుక చెబుతాను. రాత్రంతా ఆలోచించి రాస్తున్నాను.

మాది కృష్ణ ఒడ్డున ఒక ఊరు. నాకు తొమ్మిదేళ్లప్పుడు మా ఊరిని ముంపు గ్రామాల జాబితాలో చేర్చారు. నీళ్లు వచ్చింది పదకొండేళ్ల తర్వాత. ఆ పదకొండేళ్లలో బడికి కొత్త పంతులు రాలేదు, కూలిన బడి గోడ కట్టలేదు, చెరువు కట్టకు తట్టెడు మట్టి వేయలేదు, మా ఊరి పిల్లను చేసుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఏం అడిగినా ఒకటే జవాబు, ‘మునిగిపోయే ఊరికి ఎందుకయ్యా’ అని. నీళ్లు మా ఊరిని ఒక్క వారంలో ముంచాయి. ఆ మాట మాత్రం పదకొండేళ్లు ముంచింది. నేను సర్వేయరునైంది ఆ జాబితా ఎలా రాస్తారో తెలుసుకోవాలనే.

ఫునాఫుటి పెరటిలో ఉప్పునీరు ఊరిందని మీరు రాసినప్పుడు నేను నమ్మాను. బొగ్గు దేశాలను వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. కానీ ఒక దేశం మొత్తానికి ‘మునిగేది’ అని పేరు పెడితే దానికి రేవు ఎవరు కడతారు, ఆసుపత్రికి అప్పు ఎవరిస్తారు? ఆ దేశం ఊరుకోలేదు, 2023 నాటికి ఫునాఫుటిలోని ప్రధాన దీవి ఫొంగఫాలే తీరంలో ఇసుక పోసి 780 మీటర్ల పొడవు, 100 మీటర్ల వెడల్పున కొత్త నేల లేపింది. నేల పోయినా దేశం శాశ్వతంగా ఉంటుందని అదే ఏడాది రాజ్యాంగంలో రాసుకుంది. ఆ పని చేస్తున్నవారి మీద మనం ముంపు ముద్ర వేయకూడదు.

ఓడమనిషి:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే నేను అంత కటువుగా రాసేవాణ్ణి కాదు. క్షమించండి.

అయినా మీతో పూర్తిగా ఏకీభవించలేను. మీ ఊరికి ముద్ర వేసింది బయటివారు. తువాలులో ఆ మాట అంటున్నది ఆ దేశపు మంత్రే. ముప్పు అని తామే గట్టిగా అనకపోతే వారికి దారులు తెరుచుకోవు. 2023లో ఆస్ట్రేలియాతో కుదిరిన ఫలెపిలి ఒప్పందం ప్రకారం ఏడాదికి 280 మంది అక్కడికి వెళ్లి స్థిరపడవచ్చు. 2025లో తొలి ఎంపికకు దేశ జనాభాలో మూడో వంతుకు మించి పేర్లు ఇచ్చారు. ‘దీవి పెరుగుతోంది’ అని ప్రపంచం నమ్మితే ఆ తలుపు మూసుకుంటుందని నా భయం. ‘దీవి మునుగుతోంది’ అని నమ్మితే ఆసుపత్రి రాదని మీ భయం. ఇన్ని రోజులూ మనం వాదించుకున్నది ఈ రెండు భయాల గురించేనేమో.

ఉప్పాడ ఆడపడుచు:
మా నాన్నగారికి తలుపూ కావాలి, గోడా కావాలి. ఏదో ఒకటే ఎంచుకోమంటే ఆయన ఇప్పటికీ జవాబు చెప్పరు.

జిజ్ఞాసి:
ఓడమనిషి గారూ, ఆ పెద్దావిడ కుటుంబం పేర్లు ఇచ్చిందా?

ఓడమనిషి:
కొడుకూ కోడలూ ఇచ్చారు, ఎంపిక కాలేదు. ఆవిడ ఇవ్వలేదు. గుంటను వదిలేసి, సగానికి కోసిన ఇనుప పీపాల్లో పులాకా పిలకలు నాటిందని కిందటి నెల కొడుకు ఫొటో పంపాడు. నేల మట్టానికి పైన ఉన్నాయి కనుక ఉప్పు తగలదట. తొమ్మిది పీపాలు లెక్కపెట్టాను.

నేలకొలత:
ఆ దీవిలో మట్టి దొరకదు కదా, పీపాల్లోకి మట్టి ఎక్కడి నుంచి తెచ్చింది?

ఓడమనిషి:
మట్టి కాదండీ. రాలిన ఆకులు, కొబ్బరి పీచు, పందుల పేడ కలిపి ఏడాది మగ్గబెట్టింది. పాత గుంట అడుగున ఉప్పు తగలని మట్టి కొంచెం మిగిలితే దాన్ని కూడా చేతులతో ఎత్తి అందులో కలిపిందట.