చార్జిషీటు లేని నిర్బంధంపై డాక్యుమెంటరీ: తీసినవాళ్ళు, చూసినవాళ్ళు అనుభవాలు చెప్పండి

వడ్డేపల్లి కెమెరా
అందరికీ నమస్కారం. పీడీ యాక్టు (ముందస్తు నిర్బంధ చట్టం) కింద జైల్లో ఉండి వచ్చిన ముగ్గురు విచారణ ఖైదీల గురించి నలభై నిమిషాల డాక్యుమెంటరీ తీస్తున్నాను. జైలు లోపల చిత్రీకరణకు ఎవరి అనుమతి కావాలో, మాట్లాడేవాళ్ళ ముఖాలు చూపించవచ్చో లేదో, సెన్సారు తప్పదో, సొంత డబ్బు అయిపోయాక నిధులు ఎక్కడ పుడతాయో తెలిసినవాళ్ళు చెప్పగలరు.

హైకోర్టు మెట్లు
మొదటి వాక్యంలోనే తప్పు దొర్లింది. విచారణ ఖైదీ అంటే కోర్టులో కేసు నడుస్తూ, తీర్పు కోసం ఎదురుచూసేవాడు. పీడీ యాక్టు కింద లోపలికి వెళ్ళినవాడికి ఆ నిర్బంధం మీద చార్జిషీటు ఉండదు, సాక్షులు ఉండరు, తీర్పూ ఉండదు. అతను చేసిన పనికి కాక, రేపు చేస్తాడేమోనన్న అనుమానానికి లోపల ఉంటాడు. ఈ తేడా తెలియకుండా కెమెరా పట్టుకోవడం సాహసమే. హైకోర్టులో ఇరవై రెండేళ్ళుగా హెబియస్ కార్పస్ పిటిషన్లు, అంటే అక్రమంగా నిర్బంధించిన మనిషిని విడిపించమని కోరేవి, వేస్తున్నవాడిగా చెబుతున్నాను.

రాత్రి ఎడిటింగ్
ముఖాల సంగతి నేను చెబుతాను. ఒక సినిమాలో ముఖం పూర్తిగా మసకబరిచాం, గొంతు మార్చాం, చేతి మీది పచ్చబొట్టును కూడా ఫ్రేము ఫ్రేముకూ కప్పాం. అయితే వెనక గోడకు వేలాడుతున్న కిరాణా కొట్టు క్యాలెండరును ఎవరమూ గమనించలేదు. మొదటి ప్రదర్శన అయిన మర్నాడే ఆ మనిషి ఏ బస్తీలో ఉంటాడో వాట్సాప్‌లో తిరిగింది. అందుకని ముందు గది ఖాళీ చేయించి, తర్వాతే లైట్లు పెట్టండి.

వడ్డేపల్లి కెమెరా
మెట్లు గారూ, తప్పు ఒప్పుకుంటున్నాను. జైల్లో వీళ్ళను ఏమంటారు?

పాత వార్డరు
డిటెన్యూ అంటారు. మా రిజిస్టరులో అదే పేరు. అనుమతి కోసం జైళ్ళ శాఖకు దరఖాస్తు పెట్టుకోవాలి గానీ ఆశ పెట్టుకోకండి. 2012 నాటి ఢిల్లీ సామూహిక అత్యాచార ఘటన మీద ఒక విదేశీ డాక్యుమెంటరీ గొడవయ్యాక 2015 జూలైలో కేంద్ర హోంశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. లక్ష రూపాయల డిపాజిట్టు, తీసినదంతా అధికారులు చూసి వదలడం వంటి నిబంధనలు వాటిలో ఉన్నాయి. చర్లపల్లి గేటు బయట ములాఖత్ కోసం కూర్చునేవాళ్ళను తీసుకోండి, అసలు కథ అక్కడే ఉంటుంది.

హైకోర్టు మెట్లు
వార్డరు గారు సగమే చెప్పారు. 1982లో ప్రభాదత్ కేసులో, ఖైదీ ఇష్టపడితే విలేకరులు కలవవచ్చని సుప్రీంకోర్టు అన్నది. అది చూపించి దరఖాస్తు రాయాలి. మరొక సంగతి, ఈ చట్టం కింద మూడు నెలలకు మించి ఒకేసారి ఆర్డరు ఇవ్వకూడదు, 2014 నాటి చెరుకూరి మణి కేసులో తేలింది. మీ ముగ్గురికీ ఒకేసారి ఏడాది రాసి ఉంటే ఆ ఆర్డర్లు చెల్లవని సినిమాలో చెప్పండి.

గోదావరి గట్టు
ఇరవై రెండేళ్ళ అనుభవం గల మీరు ఆ మాట అనడం ఆశ్చర్యంగా ఉంది. 2023 ఆగస్టులో పేసల నూకరాజు కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం చెరుకూరి మణి తీర్పును తోసిపుచ్చింది. ఆ నూకరాజు కేసు మా కాకినాడ నాటుసారా కేసే. మూడు నెలలన్నది కలెక్టరుకో కమిషనరుకో ప్రభుత్వం అధికారం అప్పగించే గడువే గానీ నిర్బంధానికి గడువు కాదని అందులో స్పష్టంగా ఉంది. మీరు చెప్పినట్టు సినిమాలో పెడితే మొదటి రోజే నవ్వులపాలవుతారు.

హైకోర్టు మెట్లు
నేను మాట్లాడుతున్నది అంతకుముందు ఆర్డర్ల గురించి. నిన్నగాక మొన్న తీర్పులు చదివి పాఠాలు చెప్పకండి.

గోదావరి గట్టు
ఆ ముగ్గురి ఆర్డర్లు ఏ సంవత్సరానివో ఆయన ఇంకా చెప్పనే లేదు. మీకెలా తెలిసింది?

గట్టి మాట
మీరందరూ ఒక్క ప్రశ్న మరిచిపోయారు. పీడీ కింద లోపలికి పోయే గొలుసులు తెంచేవాళ్ళ మీద సినిమా ఎందుకు? మా అమ్మ మెడలో పుస్తెలతాడు లాగినప్పుడు ఆవిడ ఇరవై అడుగులు రోడ్డు మీద ఈడ్చుకుపోయింది. అప్పుడు ఎవరూ కెమెరా పట్టుకు రాలేదు.

ముషీరాబాద్ పెద్దాయన
బాబూ, మీ అమ్మగారి బాధ న్యాయమైనది. ఎమర్జెన్సీలో నేను, విచారణ లేకుండా లోపల పెట్టే అప్పటి చట్టం మీసా కింద, ముషీరాబాద్ జైల్లో ఉన్నాను. ఇప్పుడు గాంధీ ఆసుపత్రి ఉన్న చోటు అది. ఎందుకు పట్టుకున్నారో చెప్పాల్సిన అవసరం లేదని అప్పట్లో చట్టమే సవరించారు. 1976 ఏప్రిల్ 28న ఆ నిర్బంధాన్ని కోర్టులో ప్రశ్నించే వీల్లేదని సుప్రీంకోర్టు కూడా మాకు తలుపు మూసింది, జస్టిస్ ఖన్నా ఒక్కరే ఆ తీర్పుతో విభేదించారు. ఈ సినిమా అక్కడి నుంచి మొదలవ్వాలి.

గట్టి మాట
మీది రాజకీయం, వాళ్ళది దొంగతనం. రెంటినీ ఒక గాటన కట్టకండి.

గోదావరి గట్టు
దొంగతనానికి శిక్షాస్మృతి ఉంది (2024 జూలై దాకా ఐపీసీ, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత), కోర్టు ఉంది, శిక్ష ఉంది. 2024 మార్చిలో సుప్రీంకోర్టు నిర్బంధ ఆర్డరు కొట్టేసిన నేనావత్ బుజ్జి కేసు కూడా గొలుసు దొంగతనాలదే. ఆ నేరాలను శిక్షించడానికి మామూలు చట్టం సరిపోతుందని, అవి ఊరి శాంతిని కుదిపేసేవి కావని చెప్పి, నిర్బంధానికి తగిన కారణం ఉందో లేదో చూసే సలహా మండళ్ళు రబ్బరు స్టాంపుల్లా పనిచేయకూడదని కూడా అన్నది. తెలంగాణ వచ్చాక చట్టాన్ని సవరించి నకిలీ విత్తనాలవాళ్ళను, కల్తీ తిండివాళ్ళను, ఆర్థిక నేరగాళ్ళను కూడా చేర్చడంతో, చట్టం పూర్తి పేరు వేస్తే మీ టైటిల్ కార్డు నిండిపోతుంది.

మలక్‌పేట అక్క
మీ తీర్పులు నాకు తెలియవు. మా తమ్ముడి మీద మూడు కేసులున్నాయి, లేవని నేను అనను. మూడింటిలోనూ బెయిలు వచ్చింది. షూరిటీ కాగితాలు పట్టుకుని, వాడికి ఇష్టమని బగారా అన్నం డబ్బాలో పెట్టుకుని గేటు బయట నిలబడ్డాను. సాయంత్రం ఆరింటికి లోపలే పీడీ ఆర్డరు ఇచ్చారని వేరే ఖైదీ భార్య చెప్పింది. తర్వాత నిర్బంధ కారణాల కాగితాల కట్ట చేతికొచ్చింది, రెండు వందల పేజీలకు పైన, ఇంగ్లీషుది ఒకటి, తెలుగుది ఒకటి. తెలుగుదాంట్లో నాలుగో పేజీలో మా నాన్న పేరు బదులు ఇంకెవరి నాన్న పేరో ఉంది. ఎవరి కాగితంలోంచో దించి, పేరు మార్చడం మరిచిపోయారన్నమాట.

హైకోర్టు మెట్లు
అమ్మా, అది చిన్న విషయం కాదు. తనకు అర్థమయ్యే భాషలో కారణాలు ఇవ్వకపోతే తన మాట చెప్పుకునే హక్కే పోతుందని 1962లో హరికిషన్ కేసులో చెప్పారు. ఆ పేజీ పిటిషన్‌లో పెట్టారా?

మలక్‌పేట అక్క
పెట్టాం సార్. తేదీ వచ్చేలోపే ఏడాది అయిపోయి వాడు బయటికి వచ్చేశాడు.

రాత్రి ఎడిటింగ్
కెమెరా గారూ, మీ సినిమా ఈ కట్టే. కోర్టు హాలు లేదు, బోను లేదు, వాదన లేదు. తీయడానికి మిగిలింది కాగితమొక్కటే. ఆ నాలుగో పేజీని టేబులు మీద పెట్టి, పైనుంచి ఒక్క షాటులో, సంగీతం లేకుండా చూపించండి.

వడ్డేపల్లి కెమెరా
అక్కా, మీరు ఒప్పుకుంటే వస్తాను. టైటిల్లోంచి విచారణ అన్న మాట తీసేశాను. నిధుల గురించి ఎవరూ చెప్పలేదు, పర్వాలేదు.

మలక్‌పేట అక్క
రండి. నా ముఖం వద్దు, తమ్ముడిది అసలే వద్దు, ఇప్పుడు ఆటో నడుపుకుంటున్నాడు. చేతులు తీసుకోండి. మా నాన్న పేరు, ఆ ఇంకెవరి నాన్న పేరు, రెండూ కప్పేయాలి. కట్ట బీరువా మీద ఉంది, దుమ్ము దులిపి పెడతాను.

హైకోర్టు మెట్లు
కట్టలో సలహా మండలి నివేదిక ఉందా, చూడండి. అక్కడికి వకీలును రానివ్వరు, అక్కడ ఏం జరిగిందో కూడా గోప్యమే, చివరి అభిప్రాయం తప్ప.

మలక్‌పేట అక్క
చూశాను సార్. నిర్బంధానికి తగిన కారణం ఉందని ఒక్క లైను ఉంది. వాడిని లోపల ఏం అడిగారో వాడే చెప్పాలి. పేరు అడిగారట, చదువు అడిగారట, పంపించేశారట.