‘ఉప్పు నిస్సారమైతే’: ఉప్పుకి సారం పోతుందా?

టెక్కలి నుంచి ఒక సభ్యుడు:

అందరికీ నమస్కారం. మా ఊళ్ళో ఉజ్జీవ సభలు (సంఘంలో భక్తిని మళ్ళీ మేల్కొల్పడానికి చర్చిలు పెట్టే సభలు) జరగబోతున్నాయి. ఫ్లెక్సీ మీద ‘లోకమునకు ఉప్పుగా ఉండుడి, మత్తయి 5:13’ అని వేయించారు. బైబిల్లో మాట అదేనా? ఇంకో సందేహం. అదే వచనంలో ‘ఉప్పు నిస్సారమైతే అది దేనివలన సారము పొందును?’ అని ఉంది. మాది ఉప్పు మళ్ళున్న నౌపడకి దగ్గర. ఉప్పు చెమ్మగిల్లుతుంది, గడ్డకడుతుంది, కరుగుతుంది. చప్పబడిపోయిన ఉప్పుని మాత్రం నేనెప్పుడూ చూడలేదు. మరి సారం పోవడమంటే ఏమిటి? క్రైస్తవులు కానివాళ్ళు కూడా చెప్పండి, భాష ప్రశ్నే కదా.

విజయనగరం నుంచి, రిటైరైన తెలుగు మాస్టారు:

మొదటిది తేలిక. ఫ్లెక్సీ మీది మాట బైబిల్లో లేదు బాబూ. పాత తెలుగు బైబిల్లో ఉన్నది ‘మీరు లోకమునకు ఉప్పయి యున్నారు’. ఉన్నారు అని చెప్పాడే గాని ఉండమనలేదు. గ్రీకు మూలంలోనూ అంతే. ఆజ్ఞ వచ్చేది 16వ వచనంలో: ‘వారియెదుట మీ వెలుగు ప్రకాశింపనియ్యుడి’. అక్కడైనా వెలుగు తెచ్చుకోమని కాదు, ఉన్నదానికి అడ్డు పెట్టొద్దని. ప్రసంగాలు విని విని మనకి ఇది తిరగబడింది. ‘పదిమందికీ ఆదర్శంగా ఉండాలి, చూసేవాళ్ళు చూస్తున్నారు’ అని పిల్లలకి టెన్షన్ పెట్టే వచనంగా మారిపోయింది. ‘ఉప్పుగా ఉండుడి’ అని అచ్చువేస్తే ఆ బరువు ఇంకా పెరుగుతుంది.

ఇంకో సంగతి. ఈ ‘మీరు’ మర్యాద మీరు కాదు, బహువచనం. ఆ బైబిల్లో యేసుతో పేతురు కూడా ‘నీవు సజీవుడగు దేవుని కుమారుడవైన క్రీస్తువు’ అనే అంటాడు. మత్తయి 5వ అధ్యాయంలోనే, కొంచెం కిందికి వెళ్తే, ఒక్కడికి చెప్పినప్పుడు ‘నీవు బలిపీఠమునొద్ద అర్పణము నర్పించుచుండగా’ అని మారుతుంది. కాబట్టి ఉప్పు అన్నది ఒక మనిషిని కాదు, కొండ మీద చేరిన ఆ గుంపుని. నేటి తెలుగులో మనం అందర్నీ ‘మీరు’ అనడం అలవాటై, ఎవరికి వారు తమకే చెప్పినట్టు వింటున్నారు.

ఈ వచనం తెలుగులో మొదట అచ్చయిన అనువాదం మొదలైంది మన పక్కనే. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషనరీలు జార్జి క్రాన్, ఆగస్టస్ డిగ్రాంజ్ ఈ పని మొదలుపెట్టారు. ఆనందరాయర్ అనే తెలుగు తెలిసిన పండితుడు సాయం చేశాడు. క్రాన్ 1809లో, డిగ్రాంజ్ 1810లో పోయారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్‌లోని సెరంపూర్‌లో అచ్చయ్యాయి.

‘నిస్సారం’ సంగతి రెండో ప్రశ్న. సారం అనే మాట మనం భూమికి వాడతాం, ప్రసంగానికి వాడతాం. ఉప్పుకి వాడం. ఇదే మాట వచ్చే మార్కు 9:50లో మూలంలో ఉన్నది ‘ఉప్పదనం లేనిదైతే’ అనే అర్థం, ఇబ్బంది లేదు. మత్తయిలో, లూకాలో ఉన్న క్రియ వేరు. దాని అసలు అర్థం తెలివి తప్పడం. రోమా 1:22లో అదే క్రియని మనవాళ్ళు ‘బుద్ధిహీనులైరి’ అని తెలుగు చేశారు. ఇక్కడ ‘ఉప్పు బుద్ధిహీనమైతే’ అంటే చదివేవాడు నవ్వుతాడు. అందుకే నిస్సారం. మంచి ఎంపికే. అయితే మూలంలో ఉప్పు, మనిషి రెండూ ఒకే మాటలో ఉన్నాయి. ఆ కొంటెతనం తెలుగులోకి రాలేదు.

సంతబొమ్మాళి వైపు నుంచి ఒకరు:

మాస్టారూ, ఉప్పు సారం పోవడం నేను చూశాను. మా నాన్న ఉప్పు మళ్ళల్లో పనిచేసేవారు. సముద్రపు నీరు నేరుగా మడిలోకి రాదు. ముందు పెద్ద మళ్ళల్లో ఎండకి చిక్కబడాలి. అక్కడే సున్నంలాంటిది అడుగుకి దిగిపోతుంది. ఆ తర్వాత చిన్న మళ్ళల్లో ఉప్పు పేరుతుంది. పేరాక మిగిలిన నీరు చేదు. దాన్ని వేళకి తీసేయకపోతే ఉప్పుకి చేదు పట్టేస్తుంది, తర్వాత ఎంత ఎండబెట్టినా చెమ్మ పీలుస్తూనే ఉంటుంది. లాగేటప్పుడు పలక లోతుకి దిగితే మట్టి కూడా వచ్చేస్తుంది.

గట్టు మీద కుప్ప పోసి తాటాకులు కప్పుతారు. కప్పు సరిగ్గా లేని కుప్ప మీద అకాల వాన పడిందనుకోండి. ఉప్పు కరిగి వాన నీటితోపాటే పోతుంది. అడుగున మట్టీ, ఇసకా, ఆ సున్నం పొడీ మిగులుతాయి. దూరం నుంచి చూస్తే కుప్ప కుప్పలాగే ఉంటుంది. దగ్గరికెళ్ళి నాలిక మీద వేసుకుంటే ఏమీ ఉండదు. దాన్ని దారి గుంతల్లో పోసేసేవారు. ‘మనుష్యులచేత త్రొక్కబడుటకే’ అంటే నాకు ఆ దారే కళ్ళముందుకొస్తుంది.

విజయనగరం మాస్టారు:

ఇంతకంటే మంచి వ్యాఖ్యానం నా దగ్గర లేదు. పాలస్తీనాలో మృతసముద్రం ఒడ్డున దొరికే ఉప్పు కూడా ఇలాగే కలగలుపుగా ఉండేదనీ, ఉప్పు కరిగిపోతే మన్ను మిగిలేదనీ వ్యాఖ్యాతలు చాలామంది రాశారు. ఉప్పు ఉప్పదనం పోగొట్టుకోదు. ఉప్పే వెళ్ళిపోతుంది, పేరు కుప్పకి మిగులుతుంది. ఆరాధన ఉంటుంది, కమిటీ ఉంటుంది, మైకు సెట్టు ఉంటుంది. ఉజ్జీవ సభలు పెట్టుకునేది అది గుర్తుపట్టడానికే అయితే మంచిదే. బయటివాళ్ళని మార్చడానికి మాత్రమే అనుకుంటే, నా మటుకు నాకు, ఈ వచనం వాళ్ళకి అడ్డం పడుతుంది.

సభల్లో దీని జతగా రోమా 12:2 కూడా చదువుతారు. ‘ఈ లోక మర్యాదను అనుసరింపక... మీ మనస్సు మారి నూతనమగుటవలన రూపాంతరము పొందుడి.’ ఇక్కడ మర్యాద అంటే లోకం నడిచే తీరు. మర్యాదగా మాట్లాడొద్దని కాదు. కొందరు అలాగే అర్థం చేసుకున్నారేమో అని నాకు అప్పుడప్పుడు అనుమానం!

భావనపాడు దగ్గర్నుంచి ఒకామె:

మీరంతా రుచి గురించే మాట్లాడుతున్నారు. మా ఒడ్డున ఉప్పు రుచికి కాదు, చేప పాడవకుండా ఉండడానికి. వీపు దగ్గర చీల్చి, పేగులు తీసి, చెవుల్లో (మొప్పల్లో) కూడా ఉప్పు కూరి పెడతాం. నడిఎముక పక్కన మందంగా ఉండేచోట సరిగ్గా పట్టించకపోతే పురుగు అక్కడే మొదలవుతుంది. పైన ఎంత చల్లినా లాభం లేదు. ‘దుష్టసాంగత్యము మంచి నడవడిని చెరుపును’ అని చెప్పి పిల్లల్ని ఎవరితోనూ కలవనివ్వని తల్లిదండ్రులు మా సంఘంలో ఉన్నారు. డబ్బాలో ఉన్న ఉప్పు ఏ చేపని కాపాడుతుంది?

బొబ్బిలి నుంచి ఒక సభ్యుడు:

తెలుగు నుడికారంలో ఉప్పుకి ఈ అర్థం లేదు కదా? మనకి ‘ఉప్పు తిన్న విశ్వాసం’ ఉంది, పోలీసులకి ‘ఉప్పందించడం’ ఉంది, పేపర్లో ఇద్దరు నాయకులు ‘ఉప్పూ నిప్పూ’. మంచి ప్రభావానికి ఉప్పుని ఎవరూ పోల్చరు.

విజయనగరం మాస్టారు:

నిజమే. కానీ మీ మొదటి నుడికారం చూడండి. అక్కడ విశ్వాసం అంటే తిన్న ఇంటికి ద్రోహం చేయకపోవడం. చర్చిలో విశ్వాసం అంటే నమ్మకం. లేవీయకాండం 2:13లో నైవేద్యం మీద వేసే ఉప్పుని ‘నిబంధనయొక్క ఉప్పు’ అంటారు. మాట తప్పకపోవడానికి గుర్తు అన్నమాట. మన ‘ఉప్పు తిన్న విశ్వాసం’ దానికి దగ్గరే.

టెక్కలి సభ్యుడు:

మార్కు 9:50 చివర ‘మీలో మీరు ఉప్పుసారము గలవారైయుండి యొకరితో ఒకరు సమాధానముగా ఉండుడి’ అని ఉంది. ఇక్కడ సమాధానం అంటే జవాబు కాదు కదా?

విజయనగరం మాస్టారు:

కాదు, పోట్లాట లేకపోవడం. ఆ మాట యేసు అన్నదీ పోట్లాట తర్వాతే. పైన 34వ వచనం చూడండి, తమలో ఎవడు గొప్పవాడని దారిలో వాదించుకున్నారు శిష్యులు.