పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం

పర్లాకిమిడి నుంచి:
మా మేనల్లుడు వాతావరణ శాస్త్రం చదువుతున్నాడు. రాడార్ మీద రాసుకున్న నోట్సు తెలుగులో పెట్టమని ఇచ్చాడు. ‘గ్రాపెల్’ దగ్గర నా కలం ఆగిపోయింది. అవి వడగళ్ళు కావు. తెల్లగా, నలిపితే పొడైపోయే మంచు గింజలు, 2 నుంచి 5 మిల్లీమీటర్లు. ‘మృదు హిమగుళిక’ అని రాసి కొట్టేశాను, ఆయుర్వేదం కొట్లో మాటలా ఉంది. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠం చెప్పిన ఊళ్ళో ఉంటూ అలా రాస్తే ఎలా?

తమాషా ఏమిటంటే, పిడుగు పుట్టేది ఈ గింజల వల్లే. మబ్బులో సున్నా డిగ్రీలకి దిగువన కూడా గడ్డకట్టని నీటి తుంపరలు మంచు పలుకులకు అంటుకుని గింజలవుతాయి. గింజ దిగుతూ, పైకి లేచే చిన్న పలుకులను ఒరుసుకుంటుంది. ఆ రాపిడిలో సాధారణంగా గింజకు రుణావేశం, పలుకుకు ధనావేశం. పలుకుల్ని గాలి పైకి ఎగరేసుకుపోతుంది, గింజలు కింద మిగులుతాయి. ఆ ఎడబాటు ముదిరితే మెరుపు. సామెత వేళాకోళానికి పుట్టింది గానీ, మబ్బులో పిడుక్కీ బియ్యపుగింజకీ నిజంగానే లంకె ఉంది.

రాయగడ నుంచి:
ఉరుము వినగానే మా నాయనమ్మ బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టి, కత్తిపీట మంచం కిందికి తోసి, ‘అర్జునా, ఫల్గుణా’ అనేది. పిడుక్కి మంత్రం అదే. బియ్యానికి ఏ మంత్రమో ఎప్పుడూ చెప్పలేదు. మాస్టారూ, అంత ఎత్తున ఉన్నది గింజో చినుకో రాడార్‌కి ఎలా తెలుస్తుంది?

పర్లాకిమిడి నుంచి:
రేడియో తరంగాన్ని అడ్డంగా ఊగేలా ఒకటి, నిలువుగా ఊగేలా ఒకటి పంపుతారు. పెద్ద చినుకు పడేటప్పుడు గాలి ఒత్తిడికి ఇడ్లీలా చదునవుతుంది, కాబట్టి అడ్డం తరంగమే గట్టిగా తిరిగొస్తుంది. వడగల్లు దొర్లుతూ పడుతుంది గనక రెండూ ఇంచుమించు సమానం. మన గింజా అంతే, కాకపోతే ప్రతిధ్వని తక్కువ. మబ్బులో చలి మైనస్ 10 డిగ్రీలుండే ఎత్తులో ప్రతిధ్వని, అంటే తిరిగొచ్చే తరంగం బలం, రాడార్ కొలతలో 35, 40 డెసిబెళ్ళు (dBZ) దాటిందంటే కాసేపట్లో మెరిసే అవకాశం ఎక్కువ.

బరంపురం నుంచి:
మా పక్కనే గోపాల్‌పూర్‌లో డాప్లర్ రాడార్ ఉంది. పిడుగు పడిన చోటు కూడా అదే చెబుతుందా?

పర్లాకిమిడి నుంచి:
లేదండీ. దానికి నేలమీద వేరే సెన్సర్లు ఉంటాయి. పూణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ (IITM) వాళ్ళ పిడుగు హెచ్చరికల యాప్ ‘దామిని’ వాటితోనే నడుస్తుంది. అన్నట్టు, ఇంగ్లీషులో మెరుపుకీ పిడుక్కీ ఒకే మాట, ‘లైట్నింగ్’. మనకు మెరిస్తే మెరుపు, నేలమీద పడితే పిడుగు. ఒడియావాళ్ళకీ బిజుళి వేరు, బజ్రపాత్ వేరు. అనువాదంలో ఈ తేడా చెడగొట్టకూడదు.

గ్రాపెల్‌కి ‘మంచుసగ్గు’ అని రాద్దామనుకుంటున్నా, సగ్గుబియ్యంలోంచి. ఆకారం అదే, రంగూ అదే.

రాయగడ నుంచి:
పాయసం గుర్తొస్తోంది మాస్టారూ. ‘మంచునూక’ అనకూడదా?

పర్లాకిమిడి నుంచి:
నూక విరిగిన గింజ, ఇది పెరిగిన గింజ. మంచుసగ్గు అనే పంపించాను. ‘సగ్గు అంటే ఏంటి మావయ్యా?’ అని ఫోన్ చేశాడు. సాబుదానా అన్నాక అర్థమైంది.